రెక్క మీది పట్టీ, కొన మీది మచ్చ: తూర్పు హైదరాబాదు పాడి పరిసరాలలో జింక ఈగల జాతి నిర్ధారణ

పశువును కుట్టి రక్తం పీల్చే పెద్ద ఈగలన్నింటికీ తెలుగునాట వాడుకలో ఉన్న పేరు ఒక్కటే: జోరీగ. చెవి దగ్గర అది చేసే రొద వేమన పద్యం ద్వారా బడిపిల్లలకు సైతం పరిచితం. కీటక శాస్త్రం మాత్రం ఈ ఒక్క పేరు కింద టబానిడే అనే విశాలమైన కుటుంబాన్ని చూస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ కుటుంబంలో నాలుగు వేలకు పైగా జాతులు వర్ణింపబడ్డాయి. వాటిలో రెక్కల మీద ముదురు గోధుమ రంగు పట్టీలు, ఎండలో బంగారు పచ్చగా మెరిసే కన్నులు కలిగిన చిన్న ఈగలు క్రైసాప్స్ ప్రజాతికి చెందినవి. ఆంగ్లంలో వీటిని జింక ఈగలంటారు. గ్రీకు భాషలో బంగారు కన్ను అనే అర్థమిచ్చే ఈ నామాన్ని జర్మన్ శాస్త్రవేత్త మైగెన్ 1803లో ఏర్పరచాడు.

జింక ఈగ అన్న పేరు మన నేలపై పుట్టినది కాదు, అనువాదంగా వచ్చినది. మన ప్రాంతంలో ఈ ఈగకు జింక కంటే గేదె, ఆవు, గుర్రం, మనిషి సులభంగా దొరికే ఆహారం. పైగా జింకల వెంట్రుకలలో పాకుతూ, వాటిపై చేరాక రెక్కలు రాల్చుకునే లిపోప్టీనా అనే చదునైన పరాన్నజీవి ఈగను కూడా కొందరు ఇదే పేరుతో వ్యవహరిస్తారు. దానికీ క్రైసాప్స్‌కూ బంధుత్వం చాలా దూరం. కనుక నివేదికలలో జింక ఈగ అని వ్రాసినప్పుడు ప్రజాతి నామాన్ని తప్పక చేర్చడం మంచిది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వంటి జనసమ్మర్ద ప్రాంతాలను ఈ వ్యాసానికి నేపథ్యంగా తీసుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. మెట్రో స్తంభాలు, కోచింగ్ కేంద్రాలు, బట్టల దుకాణాల నడుమ జోరీగకు చోటెక్కడ అన్న సందేహం సహజం. అయితే పటాన్ని కొంచెం వెడల్పుగా పరచి చూస్తే దృశ్యం మారుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని సరూర్‌నగర్ చెరువు ఉంది. ఉత్తరాన చైతన్యపురి, నాగోలు మీదుగా మూసీ తూర్పుకు సాగుతుంది. నది దిగువన పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచివాని సింగారం వరకు మురుగు కలిసిన నీటితో పారా గడ్డి పెంచి నగరంలోని గేదెల కొట్టాలకు పచ్చిమేతగా అమ్మడం దశాబ్దాలుగా నడిచిన జీవనోపాధి. ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి మీద వనస్థలిపురం చేరగానే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం వస్తుంది. నిజాం కాలపు వేటభూమిగా ఉండి, 1975లో మహావీరుని పేరు పొందిన ఈ 14.59 చదరపు కిలోమీటర్ల అడవిలో కృష్ణజింకలు, చుక్కల దుప్పులు ఉన్నాయి.

చిత్తడి నేల, పాడి పశువు, అడవి జింక అనే మూడూ కొద్ది కిలోమీటర్ల వ్యాసంలో ఇలా ఒకచోట చేరిన నగర భాగాలు ఎక్కువగా ఉండవు. టబానిడే ఈగకు కావలసినవి కూడా ఇవే. గుడ్లకు నీటి మీదికి వంగిన ఆకు, డింభకానికి తడి బురద, ఆడ ఈగకు వెచ్చని నెత్తురు.

ఈగ ఏదో తెలియక ఇచ్చే సలహా

వర్షాకాలంలో పశువులు తోక ఆడిస్తూ, కాళ్ళు నేలకు కొడుతూ, మేత మీద నిలువక ఇబ్బంది పడుతున్నాయని రైతు చెప్పినప్పుడు విస్తరణ సిబ్బంది సాధారణంగా ఇచ్చే సలహా పేడ తొలగించమని, కొట్టం కడగమని, మందు చల్లమని. ఆ ఈగ స్టోమాక్సిస్ అయితే ఈ సలహా సరిగ్గా సరిపోతుంది. ఇంటి ఈగంత పరిమాణంలో ఉండి, తల ముందుకు పొడుచుకు వచ్చిన గట్టి తొండంతో కాళ్ళను కుట్టే ఈ ఈగ పేడ, మూత్రం, చెత్తగడ్డి కలిసి కుళ్ళిన చోటనే పెరుగుతుంది. ఆ ఈగ జోరీగ అయితే మాత్రం కొట్టాన్ని అద్దంలా ఉంచినా ఫలితం కనబడదు. అది పుట్టిన చోటు కొట్టం కాదు, చెరువు గట్టు, గడ్డి మడి, కాలువ అంచు. కిలోమీటరు దాటి ఎగిరి వచ్చే శక్తి దానికి ఉంది.

ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి. జోరీగలు గడ్డి మడుల నుండి వస్తున్నాయని తెలిసిన వెంటనే ఆ మడులపైనే కీటకనాశిని చల్లాలన్న ఆలోచన పుడుతుంది. పారా గడ్డి మరునాడు కోసి గేదె ముందు వేసే మేత. దానిపై చల్లిన మందు అవశేషం పాలలో తేలుతుంది. బురద లోపల ఉన్న డింభకానికి ఆ మందు చేరదు. జాతిని, కనీసం ప్రజాతిని నిర్ధారించకుండా నియంత్రణ గురించి మాట్లాడడం ఈ ప్రాంతంలో నగరవాసి త్రాగే పాలతో ముడిపడిన విషయమని ఈ రచయిత అభిప్రాయం.

కుటుంబం నుండి ప్రజాతికి

రెక్కను చూడడం ఎలాగో తెలుసుకోవడానికి హైదరాబాదులో చక్కని పూర్వోదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవి వర్ణక కణాలను దోమ జీర్ణాశయపు గోడలో చూసినప్పుడు ఆ దోమకు శాస్త్రీయ నామం చెప్పలేకపోయాడు. అతడు వాడిన గుర్తు రెక్కల మీది మచ్చలు మాత్రమే. అంతకు ముందు రెండేళ్ళపాటు వేరే రకాల దోమలను కోసి చూసి నిరాశ చెందిన అతడికి, మచ్చల రెక్కల దోమ వేరు అన్న గమనికే దారి చూపింది.

దోమ రెక్క మచ్చకూ జింక ఈగ రెక్క మచ్చకూ మౌలికమైన భేదం ఉంది. అనాఫిలిస్ రెక్క మీది మచ్చ పొలుసుల అమరిక. వ్రేలితో రాస్తే రాలిపోతుంది. క్రైసాప్స్ రెక్క మీది పట్టీ పొరలోనే నిండిన వర్ణకం. ఎంత వాడిన నమూనాలోనైనా, రెక్క అంచు చిరిగినా, మిగిలిన భాగంలో ఆ రంగు నిలిచే ఉంటుంది. అందువల్లనే పాత సంగ్రహాలలోని నమూనాలను కూడా రెక్కల ఆధారంగా పునఃపరిశీలించడం సాధ్యమవుతున్నది.

మొదట కుటుంబాన్ని నిశ్చయించాలి. టబానిడే రెక్కలో ఆర్4, ఆర్5 అనే రెండు ఈనెలు కొన వైపు కవట్టంలా విడిపోయి, ఒకటి రెక్క కొనకు ముందు, మరొకటి కొనకు వెనుక అంచును చేరుతాయి. అంటే రెక్క కొన ఆ రెండు ఈనెల నడుమ ఇమిడి ఉంటుంది. రెక్క మొదట్లో పెద్ద పొలుసు వంటి తమ్మె కూడా ఉంటుంది. ఈ రెండు లక్షణాలు కలిసి కనిపిస్తే అది జోరీగల కుటుంబమేనని భావించవచ్చు.

ఆ తరువాత మన పశువుల మీద కనబడే మూడు ప్రజాతులను వేరు చేయడం పది నిమిషాల పని. టబానస్ పెద్దది, బలిష్ఠమైనది. దాని రెక్క సాధారణంగా మచ్చలు లేక పారదర్శకంగా ఉంటుంది. హీమటోపోటా రెక్క బూడిద రంగులో ఉండి, దానిపై తెల్లని చుక్కలు, వలయాలు ముగ్గు వేసినట్లు పరచుకొని ఉంటాయి. వాలినప్పుడు ఆ రెక్కలు ఇంటికప్పులా వాలుగా మూసుకుంటాయి. క్రైసాప్స్ రెక్క పారదర్శకమైన నేలపై ఒక అడ్డపట్టీని, కొనవైపు ఒక మచ్చను ధరిస్తుంది. వాలినప్పుడు రెక్కలు రెండూ సగం విప్పిన విసనకర్రలా ప్రక్కలకు తెరుచుకొని ఉంటాయి. రెక్కతో తృప్తి చెందక వెనుక కాలి పిక్క కొనను కూడా పరీక్షించాలి. క్రైసాప్స్‌లో అక్కడ రెండు ముళ్ళు ఉంటాయి, టబానస్‌లోనూ హీమటోపోటాలోనూ ఉండవు. నుదుటి పైభాగాన మూడు చిన్న సరళ నేత్రాలు స్పష్టంగా ఉండడం, స్పర్శశృంగాలు సన్నగా పొడవుగా ఉండడం క్రైసాప్స్‌కు అదనపు సాక్ష్యాలు.

జాతి దగ్గరకు వచ్చేసరికి

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెక్కను మొత్తంగా ఒక చిత్రంలా చూసి, పుస్తకంలోని బొమ్మతో పోల్చి, పోలిక కనబడగానే పేరు వ్రాసే అలవాటు ఉంది. అది సరికాదు. రెక్కను ఈనెలు గదులుగా విభజిస్తాయి. ఏ గదిలో రంగు ఉంది, ఏ గదిలో లేదు అన్న ప్రశ్నలను ఒక వరుసలో అడగడమే పద్ధతి.

మొదటి ప్రశ్న రెక్క మూలాన ఉన్న రెండు పొడవైన గదుల గురించి. మొదటి మూల గది పూర్తిగా రంగుతో నిండిందా, సగమే నిండిందా, లేక స్వచ్ఛంగా ఉందా? రెండవ మూల గది మాటేమిటి? అనేక జాతులను విడదీసే తొలి మలుపు ఇదే. రెండవ ప్రశ్న అడ్డపట్టీ గురించి. ముందంచు నుండి బయలుదేరిన ఆ పట్టీ వెనుక అంచును నిండుగా చేరుతుందా, మధ్యలోనే పలుచబడుతుందా? దాని బయటి సరిహద్దు తిన్నగా ఉందా, ఉబ్బిందా, నొక్కుకుపోయిందా? రెక్క నడుమ ఉన్న డిస్కల్ గది పట్టీలో పూర్తిగా మునిగిందా, లేక దాని మధ్య ఒక లేత కిటికీ మిగిలిందా?

మూడవ ప్రశ్న కొన మచ్చది. కొన్ని జాతులలో ఈ మచ్చ ముందంచు వెంబడి సన్నని గీతగా సాగి కొనను తాకి ఆగుతుంది. మరికొన్నింటిలో విశాలమై కొన భాగమంతటినీ కప్పుతుంది. అది అడ్డపట్టీతో ఎంత వెడల్పున కలిసిందో కొలవాలి. నాలుగవది, అనుభవజ్ఞులు అన్నింటికంటే ఎక్కువ సేపు చూసేది, పారదర్శక త్రికోణం. అడ్డపట్టీకీ కొన మచ్చకూ నడుమ వెనుక అంచు నుండి పైకి చొచ్చుకు వచ్చే స్వచ్ఛమైన భాగమిది. దాని శిఖరం ఏ ఈనె దగ్గర ఆగుతుంది, ఏ ఈనెను దాటుతుంది అన్న ఒక్క వివరం మీద దగ్గరి బంధువులైన రెండు జాతుల నిర్ణయం ఆధారపడి ఉండవచ్చు. కనుక త్రికోణం ఉంది అని వ్రాయడం చాలదు, శిఖరం చేరిన ఈనె పేరు వ్రాయాలి.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వచ్చిన తరువాతనే పొట్ట మీది నల్లని చారల సంఖ్య, అవి ఎన్ని ఖండితాల వరకు సాగాయి, నుదుటి మీది మెరిసే బుడిపె నలుపా పసుపా అనే శరీర లక్షణాలకు రావాలి. భారతదేశం నుండి ఆగ్నేయాసియా వరకు విస్తరించిన క్రైసాప్స్ డిస్పార్ అనే జాతిని ఫాబ్రీషియస్ 1798లోనే వర్ణించాడు. మన దేశంలో పశువులపై పట్టిన జింక ఈగ నమూనాలలో తరచుగా ఎదురయ్యే పేరు ఇది. తరచుగా ఎదురవుతుందన్న కారణం చేతనే దొరికిన ప్రతి పట్టీ రెక్కకు డిస్పార్ అని చీటీ అంటించే ప్రమాదమూ ఉంది.

రెక్క అన్నీ చెప్పదు. మగ ఈగ రెక్క సాధారణంగా ఆడదానికంటే ముదురుగా ఉండి, ఆడదానిలో స్వచ్ఛంగా ఉండే మూల గదులు మగదానిలో రంగుతో నిండి ఉండవచ్చు. మగవి రక్తం త్రాగవు, పువ్వుల తేనెతో బ్రతుకుతాయి, పశువు దగ్గరకు రావు. కనుక వలలో అరుదుగా పడతాయి. పడినప్పుడు కొత్త జాతి దొరికిందని భ్రమ కలిగిస్తాయి. తలపై రెండు కన్నులు కలుసుకొని ఉంటే మగది, నడుమ నుదురు ఉంటే ఆడది. ఈ పరీక్ష ముందు చేసి తరువాత రెక్కను చూడాలి. ప్యూపా నుండి అప్పుడే వెలువడిన ఈగలో రంగు ఇంకా పూర్తిగా స్థిరపడదు. దానిని కొన్ని గంటలు బ్రతికి ఉండనిచ్చి తరువాత చంపడం మేలు.

మచ్చలు లేని టబానస్ రెక్కల విషయంలో మరో మార్గం తెరుచుకుంది. ఈనెలు కలిసే బిందువులను కంప్యూటరు మీద గుర్తించి, వాటి పరస్పర స్థానాలను గణితం ద్వారా పోల్చే పద్ధతిని థాయ్‌లాండ్ పరిశోధకులు టబానస్ మెగాలాప్స్, రూబిడస్, స్ట్రయేటస్ జాతులపై ప్రయోగించారు. మన గేదెలను పీడించే జోరీగలలో కూడా రూబిడస్, స్ట్రయేటస్ ముఖ్యమైనవి. ఒక కాలు తీసి సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యువులోని సుమారు 650 క్షార జంటల ఖండాన్ని చదివించే డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతి మరింత నమ్మకమైనది. అయితే ఆ ఖండాన్ని దేనితో పోల్చాలి? రెక్క చూసి సరిగ్గా పేరు పెట్టి భద్రపరచిన నమూనాతోనే. బార్‌కోడ్ వచ్చాక రెక్కల విద్య అనవసరమన్న వాదన ఈ చోట నిలువదు.

నెత్తురు అంటిన తొండం

జోరీగల ప్రాముఖ్యం సర్రా వ్యాధి చరిత్రతో మొదలవుతుంది. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాల, ఒంటెల రక్తంలో చూసిన కదిలే జీవి నేటి ట్రిపానోసోమా ఇవాన్సై. వ్యాధిని కలిగించే ట్రిపానోసోమాగా మొదట గుర్తింపబడినది ఇదే. 1901లో లియొనార్డ్ రోజర్స్ జోరీగలు ఈ వ్యాధిని ఒక జంతువు నుండి మరొక జంతువుకు మోయగలవని మన దేశంలోనే ప్రయోగపూర్వకంగా చూపాడు.

మలేరియా పరాన్నజీవి దోమలో పెరిగినట్లు ఈ జీవి ఈగలో పెరగదు. ఈగ కత్తెర వంటి నోటిభాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. కోత నొప్పి కలిగించడంతో గేదె తోక విసురుతుంది, ఈగ లేచి ప్రక్క గేదె మీద వాలి మిగిలిన ఆకలి తీర్చుకుంటుంది. నోటికి అంటిన తడి రక్తంలోని పరాన్నజీవి ఆ కొద్ది నిమిషాల వ్యవధిలో రెండవ పశువును చేరుతుంది. వ్యవధి పెరిగేకొద్దీ అవకాశం వేగంగా తగ్గుతుంది. కనుక పశువులు ఒకదాని ప్రక్కన ఒకటి కట్టివేసిన ఇరుకు నగర కొట్టం ఈ వ్యాధికి అనుకూలమైన స్థలం.

ఏ ఈగైనా యాంత్రికంగానే మోస్తున్నప్పుడు జాతిని నిర్ధారించి ప్రయోజనమేమిటని ప్రశ్నించేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఈగ నోటిలో లేదు, ఈగ అలవాట్లలో ఉంది. టబానస్ డింభకం వేటాడే జీవి, ఒకే జాతి డింభకాలు ఒకదానినొకటి తింటాయి. అందువల్ల అవి పలుచగా విస్తరించి ఉంటాయి. క్రైసాప్స్ డింభకం ఎక్కువగా బురదలోని సేంద్రియ పదార్థం మీద బ్రతుకుతుంది. మురుగునీటి గడ్డి మడి వంటి సారవంతమైన బురదలో అది దట్టంగా ఉండగలదు. పెద్ద టబానస్ గేదె కాళ్ళను, పొట్టను వెదకితే, క్రైసాప్స్ తల, మెడ, భుజాల చుట్టూ తిరుగుతుంది. గడ్డి కోసే కూలీ మెడ మీద కుట్టేది చాలావరకు ఇదే. పెద్ద ఈగ నోటికి ఎక్కువ రక్తం అంటుతుంది, సహజంగానే మోసే అవకాశం హెచ్చు. ఏది ఎక్కువగా ఉన్నదో తెలిస్తే, ఎక్కడ వెదకాలో, వల ఏ ఎత్తున కట్టాలో, ఎవరిని హెచ్చరించాలో తెలుస్తుంది.

హరిణ వనస్థలి ప్రసక్తి ఊరకే తీసుకురాలేదు. సర్రాకు జింకలు అతీతం కావు. 2000 సంవత్సరంలో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో పదికి పైగా పులులు ట్రిపానోసోమా వ్యాధితో కొద్ది రోజులలోనే మరణించిన ఉదంతం వన్యప్రాణి వైద్యులందరికీ గుర్తు. మనిషికి ఇది సోకదన్న నమ్మకం కూడా 2004లో సడలింది. తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతు రక్తంలో ఈ పరాన్నజీవి కనబడింది. మానవ రక్తంలో ఈ జీవిని సహజంగా నశింపజేసే ఏపీఓఎల్1 అనే మాంసకృత్తి అతడిలో లోపించిందని తరువాత తేలింది. సురామిన్ మందుతో అతడు కోలుకున్నాడు. ఇది అత్యంత అరుదైన సంఘటన, భయపెట్టడానికి వాడకూడదు. కానీ పశువుల మధ్య పనిచేసేవారి దీర్ఘ జ్వరాలను చూసే వైద్యునికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

2019లో ఒడిశాలో మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయిన ముద్దచర్మ వ్యాధి ఈ ఈగలపై దృష్టిని మళ్ళీ పెంచింది. స్టోమాక్సిస్‌తో పాటు హీమటోపోటా కూడా ఆ వైరస్‌ను యాంత్రికంగా మోయగలదని ప్రయోగశాలలో చూపబడింది. ఆఫ్రికాలో క్రైసాప్స్ సిలేసియా, డిమిడియాటా జాతులలో లోవా లోవా పురుగు నిజంగానే పెరిగి మనిషి కంటిని చేరుతుంది. ఆ వ్యాధి మన దేశంలో లేదు. ఆ రెండు జాతుల విషయంలో మాత్రం జాతి పేరు ప్రాణాంశం.

విద్యార్థి చేయదగిన పని

రాజేంద్రనగర్ వ్యవసాయ, పశువైద్య కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులకు తూర్పు హైదరాబాదు ఒక వానాకాలానికి సరిపడిన చక్కని క్షేత్రం. సరూర్‌నగర్ చెరువు అంచు, నాగోలు దిగువ గడ్డి మడులు, అటవీశాఖ అనుమతితో హరిణ వనస్థలి నీటిగుంటలు, ఎల్బీనగర్ పరిసరాల గేదెల కొట్టాలు అనే నాలుగు స్థానాలను ఎన్నుకొని, జూన్ నుండి నవంబరు వరకు పక్షానికొకసారి ఒకే సమయంలో సేకరించాలి. నీలి, నలుపు వస్త్రాలతో కుట్టే ఎన్‌జీ వల టబానిడే ఈగలను బాగా ఆకర్షిస్తుంది, దర్జీ చేత తక్కువ ఖర్చులో కుట్టించుకోవచ్చు. క్రైసాప్స్ తల చుట్టూ తిరిగే అలవాటు కలది కనుక చేతి వలను సొంత తల మీదుగా ఊపడం కూడా సమర్థమైన పద్ధతే, చూసేవారికి నవ్వు తెప్పించినా. నీటి మీదికి వంగిన పారా గడ్డి ఆకులను తిప్పి చూడడం మరువరాదు. ఒకే వరుస పొరగా పరచిన గుడ్లు సాధారణంగా క్రైసాప్స్‌వి, ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలైతే టబానస్‌వి. పెట్టినప్పుడు తెల్లగా ఉండి, కొన్ని గంటలలో నల్లబడతాయి.

నియంత్రణ పరంగా ఈలోగా చెప్పదగినవి కొన్నే. సర్రా సోకిన పశువును రక్త పరీక్షతో గుర్తించి క్వినాపైరమిన్ వంటి మందుతో వైద్యుని పర్యవేక్షణలో చికిత్స చేయడం ఈగలన్నింటినీ చంపే ప్రయత్నం కంటే ఫలవంతం. ఈగ మోయడానికి పరాన్నజీవి ఉన్న రక్తం ఉండాలి కదా. జబ్బు పశువును వీలైనంత దూరాన కట్టాలి. పగటి ఎండలో ఈగల తాకిడి ఎక్కువ కనుక ఆ వేళ పశువులను నీడలో, దోమతెర కట్టిన కొట్టంలో ఉంచాలి. వేపాకు పొగ తాత్కాలిక ఉపశమనం ఇస్తుంది. పశువు ఒంటిపై పూసే పైరిత్రాయిడ్ మందులు కొద్ది రోజులే పనిచేస్తాయి.

సేకరించిన ఈగను ఇథైల్ అసిటేట్ ఆవిరితో చంపి, వక్షానికి మధ్య గీతకు కొంచెం కుడివైపున సూది గుచ్చి, రెక్కలు విప్పి ఆరబెట్టాలి. ప్రతి స్థానం నుండి కొన్నింటిని డీఎన్ఏ కోసం గాఢ ఇథనాల్‌లో విడిగా ఉంచాలి. రెక్కను తెల్లని నేపథ్యం మీద, క్రింది నుండి వెలుతురు వచ్చేలా, కొలబద్దతో సహా ఛాయాచిత్రం తీయాలి. చీటీపై స్థలం, తేదీ, సమయం, ఏ పశువు మీద పట్టారు అన్నవి నల్ల సిరాతో వ్రాయాలి. గుర్తించిన నమూనాల ఒక జతను అత్తాపూర్‌లోని భారత జంతుశాస్త్ర సర్వే మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించి భద్రపరచడం ఉత్తమం. కంటి మీది ఊదా చారలు ఈగ ఎండగానే మాయమవుతాయి కనుక వాటిని బ్రతికి ఉండగానే చిత్రించాలి. అది సాధ్యం కాకపోతే ఎండిన నమూనాను తడి ఇసుక గల మూతపెట్టెలో ఒక రాత్రి ఉంచితే ఆ చారలు మరల కొంతసేపు కనబడతాయి, అప్పుడు చిత్రం తీసుకోవచ్చు.